పాత ఫోనుకు కొత్త వెర్షన్: ఎవరి బాధ్యత?

మెకానిక్: సూటిగానే అడుగుతాను మేడమ్. నా దగ్గరికి రిపేరుకొచ్చే పాత ఫోన్లలో చాలావాటికి పెద్ద జబ్బేమీ ఉండదు. బోర్డు బాగుంటుంది, కెమెరా పనిచేస్తుంది. బ్యాటరీ ఉబ్బితే కొత్తది వేస్తాను. ఛార్జింగ్ పిన్ వదులైతే మారుస్తాను. డిస్‌ప్లే కాంబో పగిలితే అదీ దొరుకుతుంది. ఫోను మళ్ళీ నిక్షేపంలా తయారవుతుంది. తీరా దాని యజమాని బ్యాంకు యాప్ తెరిస్తే, ఈ వెర్షన్‌లో పనిచేయదని వస్తుంది. ఎందుకంటే కంపెనీ ఆ మోడల్‌కు కొత్త ఆండ్రాయిడ్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. నా చేతనైనంత వరకు నేను బాగుచేశాను. మిగిలింది ఒక్క కంపెనీ మాత్రమే చెయ్యగలిగిన పని. అది చెయ్యనంటే ఆ ఫోను ఎవరిదనుకోవాలి? కొన్నవాడిదా, అమ్మినవాడిదా?

ఇంజినీరు: అన్నా, ముందు ఆ పని ఎంతో చూద్దాం. కొత్త వెర్షన్ అంటే సర్వరులో పెడితే అందరికీ వెళ్ళిపోయే ఒక ఫైలు అనుకుంటారు. గూగుల్ విడుదల చేసే ఆండ్రాయిడ్ సోర్సు నేరుగా ఏ ఫోనులోనూ నడవదు. ముందు క్వాల్‌కామో మీడియాటెకో తమ చిప్ డ్రైవర్లను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చివ్వాలి. అవి అందాక ఫోను కంపెనీ కెమెరా, మోడెమ్, వేలిముద్ర సెన్సరు, ఛార్జింగ్ అన్నిటినీ మళ్ళీ కూర్చుకోవాలి. గూగుల్ పెట్టే లక్షల పరీక్షల్లో నెగ్గాలి. ఇదంతా ప్రతి మోడల్‌కూ విడివిడిగా చెయ్యాలి. చిప్ కంపెనీ ఆ చిప్‌ను వదిలేసిందంటే ఫోను కంపెనీ ఇద్దామనుకున్నా ఇవ్వలేని పరిస్థితి వస్తుంది.

మెకానిక్: ఇవ్వలేకపోవడమా, ఇవ్వకపోవడమా అన్నది క్వాల్‌కామ్ వాళ్ళ స్నాప్‌డ్రాగన్ 801 చిప్ తేల్చేసింది. 2016లో ఆండ్రాయిడ్ 7 రాబోతుండగా సోనీ ఎక్స్‌పీరియా జెడ్3లో దాని ట్రయల్ వెర్షన్ వేసుకోనిచ్చారు. అది ఆ ఫోనులో నడిచింది. తుది వెర్షన్ వచ్చేసరికి ఆ ఫోనును జాబితాలోంచి తీసేశారు. అదే చిప్ ఉన్న మిగతా పెద్ద కంపెనీల ఫోన్లూ ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగిపోయాయి. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అని ఒక చిన్న కంపెనీ ఉంది. 2015లో అదే చిప్‌తో ఫెయిర్‌ఫోన్ 2 తెచ్చింది. చిప్ కంపెనీ చేయూత లేకుండానే 2018లో ఆండ్రాయిడ్ 7 ఇచ్చింది, 2021లో 9 ఇచ్చింది, 2022లో 10 ఇచ్చింది. 2023 మార్చి దాకా ఆ ఫోనును వదల్లేదు. గుప్పెడు మంది చేసిన పని లోకమంతా ఫోన్లు అమ్మే కంపెనీలు చెయ్యలేవంటే నేను నమ్మను.

ఇంజినీరు: ఆ ఉదాహరణ మీ వైపు ఎంత బలమో నా వైపూ అంతే బలం. ఆండ్రాయిడ్ 7 లోకానికి 2016లో వస్తే వాళ్ళకు 2018లో అందింది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 వాళ్ళ ఫోనులోకి 2021లో చేరింది. ఒకటి రెండు మోడళ్ళే ఉన్న కంపెనీ, పాత ఫోన్లకు సొంతంగా ఆండ్రాయిడ్ తయారుచేసే లినేజ్‌ఓఎస్ వలంటీర్లు ముందే చేసిపెట్టిన పని ఆధారంగా, ఇంత కష్టపడితే ఇంత ఆలస్యమైంది. ఏటా పది పదిహేను మోడళ్ళు దించే కంపెనీకి ఆ భారం ఎంతవుతుందో ఆలోచించండి. అయితే ఒకటి ఒప్పుకుంటాను. మా రంగంలో 'సాధ్యం కాదు' అని బయటికి చెప్పే మాటకు లోపల చాలాసార్లు 'గిట్టుబాటు కాదు' అనే అర్థం. మాకది తెలుసు. కొనేవాళ్ళకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పకపోవడం తప్పే.

మెకానిక్: సరే, గిట్టుబాటు సంగతే మాట్లాడుకుందాం. గూగుల్ పిక్సెల్ 8కు 2023 అక్టోబరులో ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చారు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు 2024 జనవరిలో ఏడేళ్ళన్నారు. అరవై వేలు, లక్ష పెట్టి కొనేవాళ్ళు రెండేళ్ళకోసారి ఎలాగూ ఫోను మారుస్తారు, వాళ్ళకు ఏడేళ్ళ హామీ. ఎనిమిది వేల ఫోను పగిలేదాకా వాడేవాడికి మాత్రం చాలాసార్లు ఒక్క కొత్త వెర్షన్ వస్తే గొప్ప. ఎక్కువకాలం వాడేవాడికి తక్కువ, తక్కువకాలం వాడేవాడికి ఎక్కువ. ఇందులో న్యాయం ఎక్కడుంది?

ఇంజినీరు: ఆ ఏడేళ్ళు ఉచితంగా రాలేదు, ధరలో కలిపి కట్టించుకున్నారు. మన దేశంలోనే దీని చరిత్ర ఉంది. 2014 సెప్టెంబరులో గూగుల్ ఆండ్రాయిడ్ వన్‌ను ఇక్కడే మొదలుపెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లు, ధర 6,399 రూపాయలు. సాఫ్ట్‌వేర్ సంగతి గూగుల్ చూసుకుంటుంది, అప్‌డేట్లు రెండేళ్ళు నేరుగా వస్తాయి. పేదవాడి ఫోనుకు కొత్త వెర్షన్ అన్నదే ఆ పథకం ఉద్దేశం. కానీ అదే ధరలో పెద్ద స్క్రీను, ఎక్కువ మెమరీ ఇచ్చే ఫోను పక్కనే ఉంటే జనం దాన్నే కొన్నారు. 2017లో షావోమీ ఎమ్ఐ ఎ1తో ఆండ్రాయిడ్ వన్ మళ్ళీ గట్టిగా నిలబడ్డప్పుడు ధర 14,999. ఎన్నేళ్ళు అప్‌డేట్ వస్తుందని కౌంటర్ దగ్గర అడిగేవాళ్ళను మీరు ఎందర్ని చూశారు?

మెకానిక్: చాలా తక్కువ మందిని. అది నిజం. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళని అడుగుతారు, ర్యామ్ ఎంతని అడుగుతారు. కానీ అడగకపోవడానికి కారణం అక్కర్లేకపోవడం కాదు మేడమ్, తెలియకపోవడం. ర్యామ్ ఎంతో పెట్టె మీద అచ్చేసి ఉంటుంది. అప్‌డేట్ ఏ తేదీ దాకా వస్తుందో ఎక్కడుంటుంది? ఇంకొక మోసం కూడా ఉంది. మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజునుంచి లెక్కపెడతారు. రెండేళ్ళ హామీ ఉన్న ఫోనును ఏడాదిన్నర తర్వాత పండగ ఆఫర్‌లో కొన్నవాడికి మిగిలేది ఆరు నెలలు. డిస్కౌంట్ ఎంతో పెద్దక్షరాల్లో వేస్తారు, గడువు ఎంత కరిగిపోయిందో ఎవరూ చెప్పరు.

ఇంజినీరు: లెక్క ఎక్కణ్ణుంచి మొదలవ్వాలన్న విషయంలో మీతో వాదించను. ఆఖరి ఫోను అమ్మిన రోజునుంచే మొదలవ్వాలి. నా అభ్యంతరం వేరు. కొత్త వెర్షన్ వస్తే పాత ఫోను బాగుపడుతుందని మీరెలా అనుకుంటున్నారు? 2018లో ఇటలీలో పోటీ, వినియోగదారుల వ్యవహారాల సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అప్‌డేట్ ఇవ్వలేదని కాదు, ఇచ్చినందుకు. నోట్ 7 కోసం తయారుచేసిన వెర్షన్‌ను నోట్ 4 వాళ్ళతో పట్టుబట్టి వేయించారు, ఫోన్లు మొరాయించాయి. ఐఫోన్ 6 సంగతీ అంతే. అంతకుముందు 2017 డిసెంబరులో, బ్యాటరీ నీరసించిన పాత ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని ఆపిలే ఒప్పుకుంది. 2 జీబీ ర్యామ్ ఫోనులో కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిస్తే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

మెకానిక్: తెలుసు. కాల్ వస్తే ఎత్తే బటన్ కనబడేలోపు రింగ్ ఆగిపోతుంది. కీబోర్డు మీద నాలుగక్షరాలు కొడితే ఒకటొకటిగా తేలుతాయి. 'అప్‌డేట్ అడుగుతోంది, వెయ్యమంటావా' అని వచ్చినవాళ్ళకు వద్దని నేనే చాలాసార్లు చెప్పాను. గ్రీన్ లైన్ సంగతి మీరూ వినే ఉంటారు. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటారు, పొద్దున లేచేసరికి స్క్రీను నడిమధ్య పైనుంచి కిందిదాకా వెంట్రుకంత ఆకుపచ్చ గీత. వారానికి పక్కన ఇంకొకటి లేస్తుంది. అప్‌డేట్ వల్లే వచ్చిందంటారు జనం. ఫోను వేడెక్కినప్పుడు ముందే బలహీనంగా ఉన్న డిస్‌ప్లే అప్పుడు బయటపడి ఉండొచ్చు, నేను ఒట్టేసి చెప్పలేను. ఏదైనా కాంబో మార్చే ఖర్చు మాత్రం కొన్నవాడి మీదే పడుతుంది. కాబట్టి కొత్తదల్లా మంచిదని నేననడం లేదు. కానీ 2018లోనే ఐఓఎస్ 12 వచ్చింది కదా. 2013 నాటి ఐఫోన్ 5ఎస్ కూడా ముందుకంటే చురుగ్గా నడిచింది. పాత ఫోనును దృష్టిలో పెట్టుకుని రాస్తే కొత్త వెర్షన్ బరువవ్వాలని లేదు. అది రాసేవాళ్ళ మనసులో పాత ఫోను ఉందా లేదా అన్న దానిమీదే ఆధారపడుతుంది.

ఇంజినీరు: అది ఒకే కంపెనీ చిప్పూ తనే చేసుకుని, ఫోనూ తనే చేసుకుని, లెక్కపెట్టదగ్గ మోడళ్ళతో ఉన్నచోట కుదిరింది. ఆ వెసులుబాటు ఆండ్రాయిడ్ లోకానికి లేదు. అందుకే రెండు విషయాలు విడదీద్దామంటాను. కొత్త వెర్షన్ వేరు, భద్రతా ప్యాచ్ వేరు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడింది. ఒక్క ఎమ్ఎమ్ఎస్ పంపి ఫోనును లొంగదీసుకోవచ్చన్నారు. ఆ దెబ్బతోనే గూగుల్ నెలనెలా భద్రతా ప్యాచ్‌లు మొదలుపెట్టింది. మనిషికి నిజంగా హాని జరిగేది అక్కడ. కొత్త రంగులు, కొత్త ఐకాన్లు లేకపోతే ఎవరికీ నష్టం లేదు. ఐఫోన్ 5ఎస్‌కు కొత్త వెర్షన్లు ఆగిపోయాక కూడా 2023 జనవరిలో ప్యాచ్ వచ్చింది, ఫోను వచ్చిన తొమ్మిదేళ్ళకు. బాధ్యత అంటే నా లెక్కలో అది. తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం మోయగలిగిన బాధ్యత.

మెకానిక్: వినడానికి బాగుంది. కానీ కొత్త వెర్షన్ అంటే రంగులూ ఐకాన్లేనా? తెలుగువాళ్ళం మనం ఆ మాట ఒప్పుకోకూడదు. పన్నెండు, పదమూడేళ్ళ కిందటి సంగతి గుర్తుచేసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజి వస్తే వరసగా ఖాళీ డబ్బాలు కనబడేవి. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చాకే తెలుగు, కన్నడం, మలయాళం ఆ వ్యవస్థలో భాగమయ్యాయి. మెనూలన్నీ తెలుగులో చదువుకునే వీలు 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. పాత వెర్షన్‌లో చిక్కుకున్న ఫోనుకు ఎన్ని ప్యాచ్‌లు వేసినా తెలుగు వచ్చేది కాదు. ఫోను లోపలి కట్టడి తొలగించి, అంటే రూట్ చేసి, ఫాంట్ ఎక్కించుకున్నవాళ్ళున్నారు, అందరికీ అది చేతకాదు కదా. మన భాష మన ఫోనులోకి కొత్త వెర్షన్ వేసుకునే వచ్చింది.

ఇంజినీరు: ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆనాటికి అది అక్షరాలా నిజం. కానీ ఈరోజు కీబోర్డులు, బ్రౌజరు చాలావరకు ప్లే స్టోర్ నుంచే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలోని కొన్ని ముఖ్య భాగాలను కూడా గూగుల్ నేరుగా సరిదిద్దుతోంది, ఫోను కంపెనీ కోసం ఆగక్కర్లేదు. వెర్షన్ నంబరుకు అప్పుడున్నంత బరువు ఇప్పుడు లేదు.

మెకానిక్: ఉందంటాను. మన ఊళ్ళలో ఇప్పుడు డబ్బు పోతున్నది ఎలా? పెళ్ళి శుభలేఖ పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే ఒక యాప్ దిగుతుంది. అది యాక్సెసబిలిటీ అనుమతి అడుగుతుంది, అమాయకంగా ఇస్తారు. ఇక స్క్రీను మీద ఏముందో అది చదువుతుంది, వీళ్ళ బదులు అదే నొక్కుతుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో, అలా బయటినుంచి దిగిన యాప్‌కు ఆ అనుమతిని తేలిగ్గా ఇవ్వనివ్వకుండా అడ్డం పెట్టారు. ఆండ్రాయిడ్ 11 దగ్గర ఆగిపోయిన ఫోనులో ఆ అడ్డం లేదు. మోసపోయే అవకాశం ఎక్కువున్న మనిషి చేతిలోనే రక్షణ తక్కువున్న ఫోను ఉంది. ప్యాచ్ ఇస్తే చాలు, వెర్షన్ అక్కర్లేదన్న మీ గీత ఇక్కడ చెరిగిపోతోంది.

ఇంజినీరు: కొంత చెరిగింది, ఒప్పుకుంటున్నాను. భద్రత ప్యాచ్‌లలోనే లేదు, వెర్షన్ కట్టుబడిలో కూడా ఉంది. కొన్ని రక్షణలైతే చిప్‌లోనే ఉంటాయి, అవి ఏ అప్‌డేట్‌తోనూ పాత ఫోనుకు రావు. ఆ దారిన పోతే వాదం మీకు ఎదురుతిరుగుతుంది జాగ్రత్త. భద్రతే ముఖ్యమంటే, ఫలానా వయసు దాటిన ఫోనులో డబ్బు లావాదేవీలు చెయ్యనివ్వకూడదని బ్యాంకు అనడమే సరైనదవుతుంది. మొదట్లో మీరు తప్పుపట్టింది దాన్నే. వాట్సాప్ 2025 ఆరంభంలో ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లను వదిలేసింది. 2013లో వచ్చిన వెర్షన్ కోసం ఇంకా కోడు రాస్తూ కూర్చుంటే మిగతా అందరి భద్రతకు ఆ మేరకు సమయం తగ్గుతుంది. పాతవాటిని వదలడం ఒక్కోసారి నిర్లక్ష్యం కాదు, బాధ్యతే.

మెకానిక్: పదకొండేళ్ళు దాటిన వెర్షన్‌ను వదిలితే నాకూ బాధలేదు. ప్రతిదానికీ ఒక ముగింపు ఉంటుంది. మూడేళ్ళ ఫోను గురించి నా గొడవ. మీరు వదిలేశారు సరే, వదిలేసినదాన్ని ఇంకొకరు పట్టుకోవచ్చు కదా! లినేజ్‌ఓఎస్ వాళ్ళు కంపెనీలు వదిలేసిన ఎన్నో ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ తయారుచేసి ఊరికే ఇస్తున్నారు. కానీ చాలా కంపెనీలు ఫోను ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి ఇవ్వవు. కష్టపడి తెరిచి కొత్త వెర్షన్ వేసినా, ఇది కంపెనీ సాఫ్ట్‌వేర్ కాదని గూగుల్ తనిఖీలో తేలుతుంది, బ్యాంకు యాప్ మొహం చాటేస్తుంది. 2019 నాటి ప్యాచ్‌తో ఆగిపోయిన కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలా యాప్‌లు ఒప్పుకుంటాయి. పోయిన నెల ప్యాచ్ ఉన్న లినేజ్‌ఓఎస్ ఉంటే ఒప్పుకోవు. నేను చెయ్యను, ఇంకొకర్ని చెయ్యనివ్వను అంటే ఏమిటర్థం?

ఇంజినీరు: తాళం వెనక కారణం ఉంది. తాళం తీయడం తేలికైతే దొంగిలించిన ఫోను తుడిచి అమ్ముకోవడమూ తేలికే. దొంగ సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి, సీల్ వేసి కొత్త ఫోనులా అమ్మేవాళ్ళూ ఉంటారు. మీ మార్కెట్‌లో మీరు చూడనిది కాదు.

మెకానిక్: చూశాను. ఆ భయం ఉత్తది కాదు. బిల్లు చూపించలేని ఫోను నేను ముట్టుకోను, ముట్టుకునేవాళ్ళు ఉన్నారు. అందుకే తాళమే వద్దనడం లేదు. మద్దతు ఆపేసే రోజున, అసలు యజమాని అని రుజువు చూపించినవాడికి చెవి ఇవ్వాలి. అంతే అడుగుతున్నాను.

ఇంజినీరు: అది న్యాయమైన కోరిక. మద్దతు ఆపాక కూడా తాళం వేసి ఉంచడాన్ని నేను సమర్థించలేను. చెవి ఇచ్చినంత మాత్రాన మోడెమ్ సాఫ్ట్‌వేర్, చిప్ లోపలి ఫర్మ్‌వేర్ తెరుచుకోవని మాత్రం గుర్తుంచుకోండి. పైన కొత్త ఆండ్రాయిడ్ ఉన్నా కింద ఆ భాగాలు పాతబడుతూనే ఉంటాయి. వలంటీర్ల శ్రమకూ హద్దుంది. ఆండ్రాయిడ్‌కు పునాదైన లైనక్స్ కెర్నల్ సంగతే చూడండి. దీర్ఘకాల వెర్షన్ల మద్దతును ఫోన్ల కోసమే 2017లో రెండేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచారు. 2023లో మళ్ళీ రెండేళ్ళకు తగ్గిస్తున్నామన్నారు, ఆ పని చేసేవాళ్ళు మోయలేకపోయారు. పాత కోడును కనిపెట్టుకుని ఉండటం పేరు తెచ్చే పని కాదు. యువ ఇంజినీర్లు దానికి ముందుకు రారు, మేనేజర్లు దానికి ప్రమోషన్లు ఇవ్వరు.

మెకానిక్: అందుకే చట్టం కావాలంటాను. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి నిబంధన వచ్చింది. ఒక మోడల్ ఆఖరి ఫోను మార్కెట్‌లోకి వెళ్ళిన రోజునుంచి కనీసం అయిదేళ్ళు అప్‌డేట్లు అందాలి. విడిభాగాలు ఏడేళ్ళు దొరకాలి. మీరు ఇందాక ఒప్పుకున్న లెక్క అదే. మన దగ్గర ఏముంది? 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, పాత ఫోన్లను రీసైక్లింగ్ చేయించే పూచీ తయారీదారులదే అన్నాయి. చెత్త అయ్యాక పూచీ పెట్టారు సరే, చెత్త కాకుండా చూసే పూచీ ఎవరికి పెట్టారు? ఫోను వల్ల గాలిలో కలిసే కర్బనంలో ఎక్కువ భాగం తయారీలోనే వెలువడుతుందని కంపెనీలే నివేదికల్లో రాసుకుంటున్నాయి. ఉన్న ఫోనును ఇంకో రెండేళ్ళు నడిపించడానికి మించిన పర్యావరణ సేవ ఏముంది?

ఇంజినీరు: యూరప్ నిబంధన యూరప్ ధరల మీద నిలబడింది. మనకు బ్రిటన్ పద్ధతి దగ్గరగా ఉందంటాను. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో ముందే ప్రకటించాలి. ఇన్నేళ్ళు ఇచ్చి తీరాలని లేదు, చెప్పి తీరాలి. మన దేశంలోనూ ఆ ఆలోచన మొదలైంది. వస్తువును ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో చెప్పే మరమ్మతు సూచీ మీద వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. విడిభాగాలు, పనిముట్లతోపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లనూ లెక్కలోకి తీసుకుంది. తేదీ పెట్టె మీద ఉంటే కొనేవాడు పోల్చి చూస్తాడు. పోల్చి చూస్తే కంపెనీలు పోటీపడతాయి. బలవంతంగా అయిదేళ్ళు రుద్దితే పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్నది మూతపడుతుంది, ఎనిమిది వేల ఫోను పదివేలవుతుంది. ఆ రెండు వేల తేడాతో స్మార్ట్‌ఫోనే కొనలేకపోయే మనిషికి మీ చట్టం ఏం చేసినట్టు?

మెకానిక్: ఆ రెండు వేలు అతను ఇప్పుడూ కడుతున్నాడు మేడమ్, వేరే రూపంలో. మూడేళ్ళకు ఫోను పనికిరాకుండా పోతే మళ్ళీ ఎనిమిది వేలు తీయాలి. పదివేలకు అయిదారేళ్ళు, పదహారు వేలకు ఆరేళ్ళు. ఏది చవక?

ఇంజినీరు: కాగితం మీద మీదే గెలుపు. కానీ ఈరోజు చేతిలో ఎనిమిది వేలే ఉన్నవాడికి ఆరేళ్ళ లెక్క పనికిరాదు. పేదరికం అంటే అదే కదా అన్నా, చవకైనది తెలిసీ కొనలేకపోవడం. ఇంకో దారి ఉంది, అది మీ కౌంటర్ మీదుగానే పోతుంది. గూగుల్, క్వాల్‌కామ్ కలిసి 2025 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ళ దాకా అప్‌డేట్లకు వీలిచ్చే ఏర్పాటు ప్రకటించాయి. ముందు ఖరీదైన చిప్‌లకే అనుకోండి. ఏడెనిమిదేళ్ళ ఆయుష్షున్న ఫోనును కలిగినవాడు మూడేళ్ళకు అమ్ముకుంటే, ఇంకా నాలుగేళ్ళ అప్‌డేట్లు మిగిలి ఉన్న ఫోను సెకండ్‌హ్యాండ్‌లో పదివేలకు దొరుకుతుంది. పై తరగతి కట్టిన ధరకు కింది తరగతికి రక్షణ దొరుకుతుంది. చట్టం చెయ్యలేని పని మార్కెట్ చేస్తుంది.

మెకానిక్: అది కొంత జరుగుతుంది, నా వ్యాపారం కూడా అదే. కానీ ఆ ఫోనుకు బ్యాటరీ వెయ్యాలంటే, కాంబో వెయ్యాలంటే ఎంతవుతుందో తెలుసా? ఖరీదైన ఫోను డిస్‌ప్లే ఒక్కదానికే అతను ఫోను కొన్నంత అవుతుంది. ఒక్కసారి చేజారిందంటే మీరు చెప్పిన నాలుగేళ్ళు ఆ క్షణమే అయిపోతాయి. పైగా అందరూ తమ ఇష్టంతో ఫోను ఎంచుకోరు. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగిచ్చేశారు. పోషణ వివరాలు నమోదుచేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, ఆ ఫోన్ల మెమరీ దానికి చాల్లేదు. కొన్నదీ ప్రభుత్వమే, యాప్ తప్పనిసరి చేసిందీ ప్రభుత్వమే, మధ్యలో నలిగింది ఆ అమ్మలు.

ఇంజినీరు: దానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, టెండరులో ఒక షరతు చాలు. ఇన్నేళ్ళు వెర్షన్లు, ఇన్నేళ్ళు ప్యాచ్‌లు అని రాస్తే ఎంత చవక ఫోనైనా ఆ లెక్కతోనే వస్తుంది. లక్షల ఫోన్లు కొనేవాడికి ఆ బలం ఉంటుంది. ప్రభుత్వం ముందు తను కొనే ఫోన్లకు ఆ షరతు పెట్టి, దానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో తేల్చి, ఆ తర్వాత అందరికీ చట్టం సంగతి మాట్లాడితే నేనూ వింటాను.

మెకానిక్: ప్రభుత్వం అడిగితే ఇవ్వగలిగినప్పుడు మనిషి అడిగితే ఎందుకివ్వలేరన్నదే నా ప్రశ్న. లక్షల ఫోన్లు ఒకేసారి కొనేవాడికి బలం ఉంది. లక్షల మంది ఒక్కొక్కటిగా కొంటే అదే సంఖ్య, అదే డబ్బు, బలం మాత్రం లేదు. ఆ బలం ఇవ్వడానికే చట్టం.

ఇంజినీరు: ఆ చట్టం ధర పెంచితే ఆ లక్షల్లో ఎంతమంది జారిపోతారన్నది నా ప్రశ్న. దానికి మీ దగ్గర లెక్క లేదు, నా దగ్గరా లేదు. ఆ లెక్క తేలకుండా అయిదేళ్ళనీ ఏడేళ్ళనీ అనడం నాకు భయం. అప్పటిదాకా మీ దగ్గరికి వచ్చేవాళ్ళకు ఒక్కటి చెప్పండి. అప్‌డేట్ల గడువు ఏ తేదీ దాకా ఉందో అడిగి కొనమనండి. తేదీ చెప్పని ఫోను కొనొద్దనండి.

మెకానిక్: చెబుతాను. కానీ అతను పెట్టగలిగిన ధరలో ఉన్న ఫోన్లలో ఒక్కటీ తేదీ చెప్పకపోతే, అప్పుడేం కొనమనాలి?